మిరపకాయకున్న పాటి సెలవు

ఎండలు ముదిరాయి గదా అని ఏప్రిల్ నెలాఖరులో నేనొక పుణ్యకార్యం చేశాను. వేసవిలో ఒంటిని ఎలా కాపాడుకోవాలో పదిహేను సూత్రాలున్న సందేశమొకటి వాట్సాప్‌లో వస్తే, నాకు తెలిసిన ఆడవాళ్ళందరికీ పంపించాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా గడప దాటవద్దు. గంటకోసారి నీళ్ళు తాగండి. పల్చటి నూలుబట్టలు కట్టుకోండి. కారం, మసాలా తగ్గించండి. కీరా ముక్కలు కళ్ళమీద పెట్టుకుని అరగంట కదలకుండా పడుకోండి. అన్నిటికన్నా చివరిది నాకు భలే నచ్చింది. ఏడాదంతా అందరికోసం బతికారు, ఈ రెండు నెలలూ మీకోసం మీరు బతకండి అట!

అలా పంపినవాళ్ళలో మా మనవరాలి బడిబస్సులో వచ్చే ఆయమ్మ కూడా ఉంది. బస్సు ఆలస్యమైతే కనుక్కోవడానికి ఆమె ఫోను నంబరు నా దగ్గరుంటుంది. చిన్నపిల్లల్ని చంకనెత్తుకుని బస్సెక్కించేదీ, దించేదీ, ముక్కులు తుడిచేదీ, తడిపిన లాగూలు మార్చేదీ ఆమే. ఆమెకూ ఒక మంచిమాట చేరితే మంచిదే గదా అనుకున్నాను. పంపేసి, పైన పంకా వేసుకుని, నిద్రపోయాను.

పదిహేను రోజులు గడిచాయి. మే నెల. మా పెదకాకానిలో పొద్దువాలాక కూడా రోడ్డు పెనంలా కాలుతూనే ఉంటుంది. మల్లేశ్వరస్వామి గుడికి వెళ్ళి తిరిగి వస్తుంటే, నిండా ఆడవాళ్ళతో ఉన్న ఆటో ఒకటి ఆగింది. ముక్కూ నోరూ కలిపి పాతచీర ముక్క కట్టుకున్న మనిషి ఒకతె దిగింది. దగ్గుతూ ఆ గుడ్డ విప్పితే, మా ఆయమ్మ! చేతులు రెండూ వాచి ఎర్రగా ఉన్నాయి. కళ్ళు చింతనిప్పులు.

"ఎక్కడినుంచి ఆయమ్మా?" అన్నాను.

"కోల్డుస్టోరేజీ కాడ్నుంచమ్మా. కాయ తొడిమలు తీయటానికి పోతన్నా."

"బడి సెలవులు గదా. ఒంటికి కాస్త విశ్రాంతి..." నాలిక కరుచుకునేలోగా మాట జారిపోయింది.

ఆమె నవ్వింది. "సెలవులు బడికమ్మా. పొట్టకెవరిత్తారు సెలవులు? మీరు పంపిన మెసేజీ మా పాప చదివి ఇనిపించింది. కారం తగ్గించమన్నారు గదా అందులో! ఎట్టా తగ్గించేదమ్మా, పొద్దస్తమానం కారంలోనే కూకుంటిమి."

ఎత్తిపొడిచిందా అంటే అదీ కాదు. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. మామూలుగా చెప్పింది. అందుకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గుంటూరు ప్రాంతంవాళ్ళకు ఈ పని గురించి వేరే చెప్పనక్కర్లేదు. దూరాన ఉన్న చెల్లెళ్ళకోసం చెబుతాను. ఎండిన మిరపకాయ బస్తాలు శీతల గిడ్డంగుల్లో ఉంటాయి. అక్కడినుంచి తీసి, కుప్పలు పోసి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఒక్కొక్క కాయకూ తొడిమ తుంచాలి. తాలుకాయ వేరుచెయ్యాలి. గంట కూర్చుంటే వేళ్ళు మండుతాయి, పూట కూర్చుంటే మోచేతులదాకా మండుతాయి. ఘాటుకు తుమ్ములు, దగ్గు. చంటిబిడ్డ తల్లి అయితే ఇంటికెళ్ళి బిడ్డను ముట్టుకోవడానికి భయపడుతుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. గుంటూరు మిర్చి యార్డుకు ఏటా వేసవి సెలవులిస్తారు! మే రెండో వారం మొదలు సుమారు నెలరోజులు యార్డులో కొనుగోళ్ళు ఆగిపోతాయి. ఎండకు హమాలీలు బస్తాలు మొయ్యలేరని, వ్యాపారులూ గుమాస్తాలూ తాళలేరని. మంచిపనే, కాదనను. అంటే మా జిల్లాలో మిరపకాయకు కూడా ఎండాకాలం నెలరోజులు సెలవుంది. పిల్లలకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. వాళ్ళ టీచర్లకు సెలవులు. హైకోర్టు న్యాయమూర్తులకూ వేసవి సెలవులు. వీళ్ళందరికీ లేని కష్టం ఆయమ్మకొకతెకే వచ్చింది. ఆమెకు సెలవు ఉంది, జీతం లేదు. జీతం లేని సెలవును మన పెద్దలు పస్తు అన్నారు.

బడి తెరిచాక తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట ఎత్తాను. బడి పేరెందుకు లెండి; ఇటువంటివి ప్రతి ఊళ్ళో ఉన్నాయి. మనం కట్టే ఫీజు ఏడాది మొత్తానికి గదా, ఆయాలకు మాత్రం పది నెలల జీతమేమిటని అడిగాను. ఆఫీసు గదిలోని పెద్దమనిషి చిరునవ్వు నవ్వి, "పని లేనప్పుడు జీతం ఎలా ఇస్తామండీ?" అన్నాడు. నా పక్కన కూర్చున్న ఒక తల్లి, "ఆమెకూ సెలవులే గదండీ, హాయిగా ఇంట్లో ఉంటుంది," అంది. ఇంకొకావిడ, "ఇలా మొదలుపెడితే ఫీజులు పెంచుతారు, మీరూరుకోండి," అని నా చెయ్యి నొక్కింది. నలుగురం చదువుకున్న ఆడవాళ్ళమే. నలుగురి ఇళ్ళల్లోనూ పిల్లలు ఆ ఆయమ్మ చంక దిగి పెరిగినవాళ్ళే.

ఈ మూడు మాటలకూ నేనిప్పుడు జవాబు చెప్పదలచుకున్నాను. ఆ రోజు తోచలేదు. మంచి జవాబులెప్పుడూ ఇంటికొచ్చి కూర చేసుకుంటుంటే తోస్తాయి.

మొదటిది, పని లేనప్పుడు జీతమెందుకనే మాట. మరి టీచరుకెందుకిస్తున్నారు? ఇవ్వాలి కాబట్టి. పదినెలలు గొంతు చించుకున్న మనిషికి రెండు నెలలు ఊపిరి తీసుకునే హక్కు ఉందని ఒప్పుకున్నాం కాబట్టి. టీచరు గొంతుకున్న హక్కు ఆయమ్మ నడుముకు లేదా? సెలవు జీతం దానం కాదు. పదినెలల చాకిరీలో అరిగిన ఒంటికి మరమ్మతు ఖర్చు అది. బస్సుకు వేసవిలో టైర్లు మారుస్తారు, రంగు వేస్తారు. బస్సు కదలడంలేదు గదా, దానికెందుకు ఖర్చని ఎవరూ అనరు. ఆ బస్సులో నిలబడి వచ్చే మనిషి ఇనుముకన్న చవకైపోయింది!

ఇది ఒక్క ప్రైవేటు బడుల సంగతి కాదు. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మల సంగతి చూడండి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు దేశంలోని ప్రభుత్వ బడుల పిల్లలకు వండిన భోజనం పెట్టాలని ఉత్తరువిచ్చింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. ఈనాడు దేశం మొత్తంమీద సుమారు 25 లక్షలమంది ఈ వంట పని చేస్తున్నారు, అందులో అత్యధికులు ఆడవాళ్ళే. వాళ్ళకిచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2009లో కేంద్రం ఖాయం చేసిన ఆ గౌరవం నెలకు వెయ్యి రూపాయలు. అదీ ఏడాదికి పది నెలలకే. మన రాష్ట్రంలో 2019లో మూడు వేలకు పెంచారు. సంతోషమే. మూడు వేలు, పది నెలలు: ఏడాదికి ముప్పై వేలు. పన్నెండు నెలలకు సర్దితే నెలకు రెండున్నర వేలు. రోజుకు లెక్కేస్తే ఎనభై రెండు రూపాయలు. మన ఇంట్లో పాలప్యాకెట్ల ఖర్చుతో పోల్చి చూసుకోండి.

పని మాత్రం ఏటేటా పెరిగింది. వారానికి అయిదు గుడ్లు వచ్చాయి, చిక్కీ వచ్చింది, 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు పొద్దున్నే రాగిజావ వచ్చింది. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వచ్చాయి. పిల్లలు కడుపునిండా తింటున్నారంటే తల్లిగా నాకంతకన్న ఏం కావాలి! కాని వందమందికి గుడ్లు ఉడకబెట్టి పెంకు తీసేది ఏ యంత్రమూ కాదు. మార్చి నడుమ ఒంటిపూట బడులు పెట్టేది ఎండ దెబ్బ పిల్లలకు తగలకూడదని. ఆ ఎండలో, ఆ రేకుల షెడ్డులో, ఆ పొయ్యి ముందు నిలబడే అమ్మకు ఎండ తగలదని ఎవరు చెప్పారు?

2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. మంచి పేరు. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా వండిపెట్టిన తల్లి ఆమె. 1909లో కన్నుమూసినా ఈనాటికీ అన్నపూర్ణ అని చెప్పుకుంటున్నాం. అయితే ఒక్కమాట. పోయిన అన్నపూర్ణకు పేరు పెట్టి, బతికున్న అన్నపూర్ణకు వేసవిలో అన్నం లేకుండా చెయ్యడం ఎక్కడి మర్యాద? సీతమ్మగారే ఇప్పుడుంటే మొట్టమొదట ఆ వంటమ్మకు విస్తరి వేసి ఉండేది.

న్యాయం తెలిసినవాళ్ళు ఈ సంగతి ఇదివరకే చెప్పారు. 2013లో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ, ఇటువంటి పథకాల్లో పనిచేసేవారిని స్వచ్ఛంద సేవకులని గాక కార్మికులుగా గుర్తించాలని సిఫారసు చేసింది. 2020 డిసెంబరులో అలహాబాదు హైకోర్టు, బస్తీ జిల్లాలోని ఒక బడి వంటమ్మ కేసులో, నెలకు వెయ్యి రూపాయలిచ్చి పని చేయించుకోవడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని, రాజ్యాంగంలోని 23వ అధికరణకు విరుద్ధమని చెప్పింది. వెట్టి! మన తాతలనాటి మాట. పోయిందనుకున్నాం. పిల్లల పలకల వెనకాల దాక్కుందన్నమాట.

రెండో మాట, ఆమె హాయిగా ఇంట్లో ఉంటుందన్నది. ఈ మాట అన్నావిడమీద నాకు కోపం లేదు. ఎందుకంటే ఆ ఏప్రిల్‌లో నేనూ అదే అనుకుని కీరాముక్కల సలహా పంపాను. ఈ పత్రికల్లోనూ ఫోనుల్లోనూ వచ్చే వేసవి జాగ్రత్తలన్నీ ఒక గుట్టు దాచిపెడతాయి. మధ్యాహ్నం గడప దాటకుండా ఉండాలంటే, గడప దాటకపోయినా పూట గడవాలి. మనమీద మనం శ్రద్ధ పెట్టుకోవాలంటే, మనమీద ఆధారపడ్డవాళ్ళ కంచం ముందుగా నిండాలి. ఇంట్లో బియ్యమున్నవాళ్ళకు విశ్రాంతి అలవాటు. లేనివాళ్ళకు అది వారంరోజుల అప్పు. 2015 మే నెలలో వడగాల్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. మధ్యాహ్నం బయటికి రావద్దన్న మాట వాళ్ళలో ఎందరు వినలేదంటారు? విన్నారు. విని, గంపెత్తుకుని బయలుదేరినవాళ్ళెందరో! రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోలైనా నీడనే ఉంటుంది గదమ్మా.

మూడో మాట, ఫీజులు పెరుగుతాయన్నది. సరే, లెక్కే వేద్దాం. బస్సుకు నలభైమంది పిల్లలనుకోండి. ఆయమ్మ జీతం నెలకు ఎనిమిది వేలనుకోండి. రెండు నెలలకు పదహారు వేలు. పిల్లకు నాలుగువందలు, ఏడాదికి. పుట్టినరోజున బడిలో పంచే చాక్లెట్లకు అంతకన్నా ఎక్కువే అవుతుంది. బడివారు భరించాలని అడుగుదాం, అడగాల్సింది వాళ్ళనే. కాదంటే మనం భరిస్తామనైనా అడుగుదాం. కాని పెరుగుతుందన్న భయంతో నోరు మూసుకోవడమేమిటి? వార్షికోత్సవానికి వేషాల ఖర్చంటే మారుమాట్లాడకుండా కట్టలేదూ?

ఇంతదాకా బడిని తిట్టాను, సర్కారును తిట్టాను. ఇప్పుడు అద్దం నావైపు తిప్పుకోవాలి. నిరుడు మే నెలలో మా అమ్మాయి దగ్గరికి హైదరాబాదు వెళ్ళి ఇరవై రోజులున్నాను. తిరిగొచ్చాక మా పనిమనిషికి ఆ ఇరవై రోజుల డబ్బు పట్టుకుని ఇచ్చాను. "మేము లేము గదా," అన్నాను. ఆమె ఏమీ అనలేదు. అంట్లు తోముకుంటూ తలొంచుకుంది. పని లేనప్పుడు జీతమెలా ఇస్తామన్న ఆ ఆఫీసు పెద్దమనిషి మాటకు నాకు ఒళ్ళు మండింది గదా. ఆ మాట నాదే! నా నోట్లోంచి పోయి ఆయన నోట్లో కూర్చుంది. ఊరికి వెళ్ళింది నేను, పని ఆపింది నేను, నష్టం ఆమెకు. ఈ సంవత్సరం ఆ బాకీ తీర్చాను. తీసుకునేటప్పుడు ఆమె నోటు తిప్పి చూసి, "ఇదేందమ్మా, లెక్క తప్పారా?" అంది. నిరుడే తప్పానని చెప్పాను.

గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పండి, మనలో ఎంతమంది ఈ లెక్క తప్పలేదు?

ఇక ఆయమ్మలకూ, వంటమ్మలకూ నాలుగు మాటలు. సలహాలంటే చిరాకు పడకండి. కీరాముక్కల ఊసెత్తను.

కాయ పనికి పోక తప్పకపోతే, వెళ్ళేముందే చేతులకు కాస్త నూనె రాసుకోండి. ఇంటికొచ్చాక వట్టి నీళ్ళతో కడిగితే మంట పోదు, ఎందుకంటే ఆ ఘాటు నీళ్ళలో కరగదు. ముందు నూనె పట్టించి గుడ్డతో తుడిచి, తరవాత సబ్బుతో కడగండి. అంతదాకా కంటిని ముట్టుకోవద్దు, బిడ్డను ఎత్తుకోవద్దు. వెంట ఒక సీసా నీళ్ళు తీసుకెళ్ళండి. లీటరు మంచినీళ్ళలో ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపితే ఎండదెబ్బకు పనికొస్తుంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ ఉంటే మరీ మంచిది. పక్కమనిషికి చెమట ఆగిపోయి, ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతుంటే సిగ్గుపడకుండా పని ఆపి నీడకు చేర్చండి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడవండి, 108కి ఫోను చెయ్యండి. మేస్త్రీ కోప్పడితే కోప్పడనివ్వండి.

పొగలో వండి కళ్ళు మసకబారిన అమ్మలు సెలవుల్లో ఒక్క పూట కళ్ళకు కేటాయించుకోండి. మన పెదకాకానిలోనే శంకర కంటి ఆసుపత్రి ఉంది. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో వచ్చి చూపించుకుపోతుంటే, గుమ్మంలో ఉన్నవాళ్ళం వాయిదా వేస్తుంటాం. మోకాలి నొప్పి, నడుంనొప్పి వయసుతో వచ్చాయని సరిపెట్టుకోకండి. అన్నం గుండిగలు దించీ దించీ వచ్చాయి. డాక్టరుకు అదే చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకరికొకరు మాట్లాడుకోండి. ఒక్కతె అడిగితే నోటిదురుసు అంటారు. పదిమంది అడిగితే వినతిపత్రం అంటారు. వందమంది అడిగితే కుర్చీ వేసి కూర్చోబెడతారు. 2023 డిసెంబరులో మన రాష్ట్రపు అంగన్‌వాడీ అక్కలు నలభై రోజులకు పైగా సమ్మె చేసినప్పుడు మనం చూశాం గదా.

ఇక మన వంతు. మెచ్చుకోలు మాట ఊరికే పోదు, తప్పకుండా చెబుదాం. ఏప్రిల్ 23న ఆఖరి రోజున టీచరమ్మకు పూలగుత్తి ఇచ్చే చేత్తోనే ఆయమ్మకూ ఒక చీర పెడదాం. ఆమెను పేరుపెట్టి పిలవడం పిల్లలకు నేర్పుదాం. పదేళ్ళు ఎత్తుకు తిరిగిన మనిషి పేరు తెలియకుండా పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, అదేం చదువు? కాని మెచ్చుకోలు అక్కడితో ఆగితే మళ్ళీ కీరాముక్కల వ్యవహారమే. అందుకని వచ్చే సమావేశంలో మూడు మాటలు అడుగుదాం. ఆయాకు పన్నెండు నెలల జీతం. వంటమ్మ షెడ్డులో ఒక పంకా. సెలవుల మొదటి వారంలో వాళ్ళందరికీ డాక్టరు పరీక్ష. ఇందులో గొంతెమ్మ కోరిక ఏదైనా ఉందేమో మీరే చెప్పండి.

జూన్ 12న బడి తెరిచారు. బస్సు మా వీధి మొగలో ఆగింది. మా మనవరాలు ఒక్క గెంతు గెంతి ఆయమ్మ మెడ పట్టుకుంది. ఆమె మాత్రం చేతులు రెండూ వెనక్కి తీసుకుని, మోచేతులతో పిల్లను అదుముకుని పైకెక్కించింది. నాకర్థం కాలేదు. అడిగాను.

"నిన్నటిదాకా కాయ పనికి పోయినానమ్మా. ఎంత కడిగినా ఇంకా ఏడనన్నా ఘాటు ఉంటదేమోనని. పిల్లకు మండుద్ది."

బస్సు కదిలిపోయింది. వీధి మొగలో నేనొక్కదాన్నే నిలబడ్డాను. ఆమె చేతులు ముట్టుకోకపోయినా నా కళ్ళు మండాయి.